ట్రాన్స్‌ఫార్మరు లేని సులువు

గిటారుకని ఇంట్లోనే ఓ చిన్న వాల్వు యాంప్లిఫయరు కట్టుకోవాలని ఉబలాటపడే కుర్రవాళ్ల చేతుల్లో ఒక రకం సర్క్యూటు పటం తరచూ కనబడుతోంది. అందులో రెండే వాల్వులు: యూసీఎల్82 ఒకటి, యూవై85 ఒకటి. గోడ ప్లగ్గులోంచి వచ్చే 230 వోల్టులు తిన్నగా రెక్టిఫయరు వాల్వులోకి పోతాయి. వాల్వుల ఫిలమెంట్లను దండలో పూలలా వరుసగా గుచ్చి, మిగిలిన వోల్టేజి భారాన్ని ఒక లావుపాటి రెసిస్టరు నెత్తిన వేస్తారు. పవర్ ట్రాన్స్‌ఫార్మరు ఊసే ఉండదు. పటం కింద అతి సులభం, అతి చవక అని రాసి ఉంటుంది. నా పోట్లాట ఆ రెండు మాటలతోనే.

ముందే ఒక మాట చెప్పాలి. నేను వాల్వులకు విరోధిని కాను. నిఘంటువు రాసేవారు దాన్ని "శూన్యనాళిక" అనమంటారు; మాట అందంగానే ఉంది కానీ రేడియో బాగుచేసే ఏ మేస్త్రీ నోటా ఆ మాట నేను వినలేదు, కనుక వాల్వు అనే రాస్తాను. చీకటి గదిలో దాని ఫిలమెంటు నారింజరంగులో నెమ్మదిగా మేల్కొనడం చూసినవాడికి ఆ మోజు వదలదు. చేతితో టంకం వేసుకున్న యంత్రంలోంచి మొదటి స్వరం పలికినప్పటి ఆనందం కొనుక్కున్న పెట్టెలో దొరకదు. కాబట్టి కట్టవద్దని చెప్పడానికి ఈ టపా రాయడం లేదు. కట్టుకోండి. అయితే ఆ పటం చూసి మాత్రం కాదు.

ఈ సంగతి ఒక మిత్రునితో అంటే ఆయన తేలిగ్గా నవ్వేశారు. "మీరు ఊరికే భయపెడుతున్నారండీ. మా తాతగారి ఏసీ-డీసీ రేడియోలో మాత్రం ట్రాన్స్‌ఫార్మరు ఉండేదా? ఇరవై ఏళ్లు వార్తలు విన్నాం, ఎవరికీ ఏమీ కాలేదే!" అన్నారు. ఈ వాదాన్ని కొట్టిపారేయకూడదు, ఎందుకంటే అందులో సగం నిజం. ఆ రేడియోలు ఉన్నమాట నిజం. ఒకప్పుడు కొన్ని ఊళ్లలో డీసీ కరెంటు ఇచ్చేవారు, డీసీ మీద ట్రాన్స్‌ఫార్మరు పనిచేయదు. రెండింటి మీదా నడవాలి కనుక ట్రాన్స్‌ఫార్మరును తీసేసి, వంద మిల్లీ ఆంపియర్ల ఫిలమెంటు ఉన్న యూ-రకం వాల్వులను వరుసలో కలిపారు. అమెరికాలో 12, 12, 12, 50, 35 వోల్టుల ఫిలమెంట్లున్న అయిదు వాల్వులను కలిపితే వాళ్ల ఇంటి కరెంటుకు ఇంచుమించు సరిపోయేది. ఆ లెక్క మీదే అక్కడ చవక రేడియోలు లక్షల్లో తయారయ్యాయి.

కానీ ఆ రేడియోను గుర్తు తెచ్చుకోండి. చెక్కపెట్టె, లేకపోతే బేకలైటు పెట్టె. వెనక అట్టతో మూత. మీటలు ప్లాస్టిక్కువి, వాటిని బిగించే మర వేలికి తగలనంత లోతులో. లోపలి ఇనప ఛాసిస్‌కు ఫేజు తగిలి ఉన్నా తాతగారి వేలికి అది ఎన్నడూ అందదు. వాటిని తయారుచేసినవాళ్లు ప్రమాదాన్ని తీసేయలేదు, పెట్టెలో పెట్టి మూసేశారు. ఆ మూయడంలోనే వాళ్ల నేర్పంతా ఉంది.

గిటారు సంగతి వేరు. ఎలక్ట్రిక్ గిటారులో తీగలన్నీ లోహపు బ్రిడ్జి మీదుగా ఒక సన్నని వైరు ద్వారా జాక్‌కు, అక్కణ్ణుంచి కేబుల్ పైతొడుగు ద్వారా యాంప్లిఫయరు గ్రౌండుకు కలిసి ఉంటాయి. ఇది కావాలని చేసిన ఏర్పాటే. వాయించేవాడి ఒళ్లు చుట్టుపక్కల వైర్లలోని గుయ్యిమనే మోతను పట్టుకుని పికప్‌కు అందించకుండా ఉండాలంటే, ఆ ఒళ్లు గ్రౌండుకు కలవాలి. అంటే రేడియోలో ఏ ఛాసిస్‌ను మనిషికి తగలకుండా పెట్టెలో దాచారో, గిటారులో అదే ఛాసిస్‌ను ఆరు తీగలుగా సాగదీసి రెండు చేతులకూ అప్పగిస్తున్నాం. గంటలకొద్దీ గట్టిగా అదిమి పట్టుకోమంటున్నాం. తాతగారి రేడియోకూ మనవడి గిటారుకూ పోలిక తెచ్చేవారు ఈ ఒక్క తేడా మీద ఒక్క నిమిషం నిలబడాలని నా మనవి.

అమెరికాలో 1950లు, 60లలో ఇలాంటి చవక గిటారు యాంప్లిఫయర్లు నిజంగానే అమ్మారు. వాటిని పెళ్లాల తాళ్లు తెంపే పెట్టెలని అక్కడి మరమ్మతువాళ్లే పేరు పెట్టి పిలుస్తారు. అక్కడి కరెంటు 120 వోల్టుల దరిదాపు. మనది 230.

తరువాతి వాదం న్యూట్రలుది. ఛాసిస్‌ను న్యూట్రలుకే కలుపుతాం, ఫేజుకు కాదు కదా, న్యూట్రలు ముట్టుకుంటే ఏమవుతుంది అంటారు. రెండు పిన్నుల ప్లగ్గయితే తిరగేసి గుచ్చితే చాలు, న్యూట్రలు ఫేజవుతుంది. మూడు పిన్నులది పెట్టామంటారా, మన ఇళ్ల గోడల్లో ఫేజు ఎటుందో, న్యూట్రలు ఎటుందో ఎలక్ట్రీషియన్ ఆనాటి తొందర నిర్ణయించింది. టెస్టరు పట్టుకుని మీ ఇంట్లో పది సాకెట్లు చూడండి, నా మాట అర్థమవుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఇంకొకటి ఉంది. న్యూట్రలు వైరు ఎక్కడైనా తెగితే, స్విచ్‌బోర్డులో మర వదులైనా సరే, ఫేజు ఫిలమెంట్ల దండ గుండా ప్రయాణించి ఛాసిస్‌కు చేరుతుంది. వాల్వులు ఆరిపోతాయి. కుర్రవాడు "ఏమైందిరా" అని ఒక చేత్తో తీగలు పట్టుకునే, రెండో చేత్తో పక్కనున్న ఇనప కిటికీ ఊచ పట్టుకుని వంగుతాడు. యంత్రం పాడైనట్టు కనబడిన ఆ క్షణమే అది చంపడానికి సిద్ధంగా ఉన్న క్షణం.

మూడో వాదం కాస్త తెలిసినవాళ్లది. మధ్యలో ఒక కండెన్సరు పెడతాం, అది 50 సైకిళ్ల కరెంటును అడ్డుకుంటుంది అంటారు. లెక్క వేద్దాం. 0.1 మైక్రోఫారడ్ కండెన్సరు 50 సైకిళ్ల వద్ద సుమారు 32 వేల ఓములు. 230 వోల్టులకు 7 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లకే చెయ్యి చిమచిమలాడుతుంది. పది దగ్గర పడితే పట్టుకున్నదాన్ని వదలడం మన వశంలో ఉండదు. అంటే కండెన్సరు కొత్తదై, నికార్సయినదై ఉన్నప్పుడే మీరు ఆ గీతకు కాస్త ఇవతల నిలబడి ఉన్నారు. పాత కాగితపు కండెన్సరయితే వయసుతో పాటు కారడం మొదలెడుతుంది, ఒకనాటికి పూర్తిగా కలిసిపోతుంది. ఏడు మిల్లీ ఆంపియర్లకు ఇంటి ఈఎల్‌సీబీ కూడా పడిపోదు, దాని గీత 30 దగ్గర. పాత ఇళ్లలో అసలా పరికరమే ఉండదు.

పైగా మనం ఎలా నిలబడి వాయిస్తాం? చెప్పులు గుమ్మం బయట విడిచి. షాబాదు బండల మీద, మొజాయిక్ మీద, వర్షాకాలంలో చెమర్చిన గచ్చు మీద వట్టి కాళ్లతో. చెక్కనేల మీద రబ్బరు బూట్లతో నిలబడ్డ పరాయిదేశపు కుర్రవాణ్ణి కాపాడిన అదృష్టం మన కుర్రవాడి పాదాల కింద లేదు.

ఊరికే ఊహించి భయపెడుతున్నాననుకునేవారికి రెండు పేర్లు. స్టోన్ ద క్రోస్ బృందంలో గిటారు వాయించే లెస్ హార్వే 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో వేదిక మీద, తీగలు పట్టుకునే మైకు ముట్టుకుని చనిపోయాడు. యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో తన ఇంట్లోనే గిటారు వాయిస్తూ పోయాడు. వీళ్లవి ట్రాన్స్‌ఫార్మరు లేని యంత్రాలని నేను అనడం లేదు. రెండు చోట్లా చెప్పే కారణం ఎర్తు సరిగా లేకపోవడం. నా ప్రశ్న వేరే. మంచి యంత్రాలు, చేయితిరిగిన మనుషులు ఉన్నచోటే ఒక్క వైరు లోపానికి ప్రాణం పోతే, ఆ లోపాన్నే డిజైనుగా గీసి "అతి సులభం" అని కుర్రవాడి చేతిలో పెట్టడాన్ని ఏమనాలి?

చవకతనం సంగతికి వస్తాను. ట్రాన్స్‌ఫార్మరు ఖరీదైనది, బరువైనది, నిజమే. కానీ దాన్ని తప్పించుకోవలసిన అగత్యం లేదు. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి 230 నుంచి 6 వోల్టులకు దించే మామూలు ట్రాన్స్‌ఫార్మర్లు రెండు తెచ్చుకోండి. మొదటిది అయిదు ఆంపియర్లది, రెండోది మూడు ఆంపియర్లది. మొదటిదాని 6 వోల్టుల వైపును రెండోదాని 6 వోల్టుల వైపుకు కలపండి. రెండోది తిరగబడి పనిచేస్తుంది: దాని 230 వైపు నుంచి నష్టాలు పోగా 200 వోల్టుల చిల్లర వస్తుంది, గోడలోని కరెంటుతో ఏ వైరు సంబంధమూ లేకుండా. నాలుగు 1ఎన్4007 డయోడ్లు, ఒక కండెన్సరు దాటాక సుమారు 250 వోల్టుల డీసీ మీ చేతికొస్తుంది. నడుమనున్న 6 వోల్టులే ఫిలమెంట్లకు సరిపోతాయి, 6.3కు పది శాతం అటూ ఇటూ వాల్వు ఓర్చుకుంటుంది. మొదటి ట్రాన్స్‌ఫార్మరుకు ముందు స్విచ్చి, 500 మిల్లీ ఆంపియర్ల నిదానపు ఫ్యూజు. ఇంతకంటే సులభమైనది ఏముంది?

దాని మీద నిలబెట్టవలసిన యంత్రం కూడా కొత్తది కానక్కరలేదు. లియో ఫెండర్ 1950లలో అమ్మిన ఛాంప్ అనే చిన్న పెట్టెలో ఒక 12ఏఎక్స్7, ఒక 6వీ6, ఒక రెక్టిఫయరు వాల్వు, ఎనిమిది అంగుళాల స్పీకరు, ఒకే ఒక్క మీట ఉండేవి. అందులో పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మరు ఉండేది, గమనించండి. విద్యార్థులకని చేసిన, వరుసలో అతి చిన్న యంత్రంలో కూడా ఆయన దాన్ని మానలేదు. మన దగ్గర 6వీ6 బదులు ఈఎల్84 పెట్టుకోవచ్చు. ఈసీసీ83 అంటే 12ఏఎక్స్7యే, ఐరోపావాళ్ల పేరు. దానిలోని రెండు ట్రయోడ్లనూ ఒకదాని తరువాత ఒకటి వాడతాం: ఒక్కొక్కదానికి ప్లేటు దగ్గర లక్ష ఓములు, కేథోడు దగ్గర పదిహేను వందలు. ఈఎల్84 కేథోడు దగ్గర 150 ఓములు పెట్టి, దాని కొసల మధ్య వోల్టేజి కొలిస్తే ఏడు పైచిలుకు రావాలి. ఏడుంబావును నూటయాభైతో భాగిస్తే 48 మిల్లీ ఆంపియర్లు. వాల్వు తన పని తాను హాయిగా చేసుకుంటోందన్నమాట. ఈ ఒక్క భాగహారం చేయగలిగిన కుర్రవాడికి వాల్వు సగం అర్థమైనట్టే.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును ఊళ్లో వైండింగ్ షాపులో చుట్టించుకోవచ్చు. వాల్వుకు 5000 ఓములు కావాలి, స్పీకరు 8 ఓములు. నిష్పత్తి 625, దాని వర్గమూలం 25, కాబట్టి చుట్లు ఇరవై అయిదుకు ఒకటి. ఒకే వాల్వు కనుక డీసీ ఎప్పుడూ ఒకే వైపు పారుతుంది. రేకుల మధ్య కాగితం పెట్టి చిన్న సందు ఉంచమని చెప్పాలి, లేకపోతే మందర స్వరాలు నీరసిస్తాయి. గుడి మైకుసెట్టు హారన్లకు వాడే 100 వోల్టుల లైను ట్రాన్స్‌ఫార్మరులో 2 వాట్టుల ట్యాపు కూడా లెక్క ప్రకారం 5000 ఓములే. కొందరు దాన్నే వాడతారు, పలుకుతుంది కూడా. కానీ దాన్ని 250 వోల్టుల డీసీ ఓర్చుకోవాలని చుట్టలేదు, అందులో ఆ సందూ లేదు. నేను సిఫారసు చేయను.

ఇన్ని అంకెలు చూసి, ఇది సులువా అని మీరు ముఖం చిట్లించవచ్చు. ఒట్టి సులువే కావాలంటే ఎల్ఎం386 అనే చిప్పు ఉంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, నాలుగు విడిభాగాలు, అర వాట్టు, సాయంత్రానికి పూర్తి. దాని మీద ఎవరూ చావరు. దాన్ని కాదని వాల్వు వైపు వచ్చినవాడు సులువు కోసం రాలేదు. లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలని వచ్చాడు. అతనికి తెలుసుకోవలసిన మొదటి సంగతినే కోసేసి మిగతాది ఇవ్వడం అన్నం వండడం నేర్పుతూ నీళ్లు అక్కరలేదనడం లాంటిది.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో పక్షం ఉంది, వాళ్లనూ వదలబోను. వీళ్లకు వాల్వు ఒక దేవత. ఫలానా దేశంలో ఫలానా ఏట తయారైన ఈఎల్84లో తప్ప "వెచ్చదనం" పలకదంటారు, దానికి జీతం రాళ్లంత ధర చెబుతారు. ఇది నీవంటివాడు కట్టేది కాదు, గురువులకు వదిలెయ్ అంటారు. ఈఎల్84 ఇళ్ల రేడియోల కోసం చేసిన వాల్వు. మన బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్‌వారు ఫిలిప్స్ సాయంతో 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టారు. ఆ ముద్ర ఉన్న ఈఎల్84లు ఈ దేశపు రేడియోల్లో బోలెడు పాడాయి. అక్కడ ఆ తయారీ ఆగిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు కొత్తవి స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి వస్తున్నాయి. అవీ పలుకుతాయి. డేవ్ డేవీస్ 1964లో "యూ రియల్లీ గాట్ మీ" పాటకు ఆ గరుకు స్వరం ఎల్పికో అనే చిన్న చవక యాంప్లిఫయరు స్పీకరు అట్టను బ్లేడుతో కోసి సాధించాడు. అందులో దేవతా లేదు, మంత్రమూ లేదు. ఒక పక్షం కుర్రవాడితో నీకు అర్థం కాదంటుంది, రెండోది అర్థం చేసుకోనక్కరలేదంటుంది. నాకు రెండింటి మీదా ఒకే కోపం.

చిన్న వాట్టులంటే ఇంకా చులకనగా చూసేవారికి ఒక్క ముక్క. చెవికి శబ్దం రెట్టింపనిపించాలంటే శక్తి పదింతలు కావాలి. కనుక 50 వాట్టుల పెట్టె ముందు 5 వాట్టులది సగం గట్టిగా వినబడుతుంది, పదోవంతు కాదు. మంచి గిటారు స్పీకరు ఒక వాట్టుకే మీటరు దూరంలో 97 డెసిబెల్స్ దాకా ఇస్తుంది, అయిదు వాట్టులకు 104. ఆ మోతలో చెవి క్షేమంగా ఉండేది అయిదారు నిమిషాలు. అపార్టుమెంటులో పక్కవాళ్ల సహనం అంతకంటే ముందే ముగుస్తుంది.

ఇక గుయ్యిమనే మోత. కట్టిన ప్రతివాడికీ మొదటిరోజు ఎదురయ్యేదే, అందరూ చెప్పే పాపిష్టి సలహా ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేయమని. తీసేస్తే మోత తగ్గవచ్చు కూడా. కానీ ఆ పిన్ను మోత కోసం పెట్టింది కాదు. లోపల ఏ ఫేజు వైరు ఊడి ఛాసిస్ మీద పడినా ఫ్యూజును కాల్చి మిమ్మల్ని మిగిల్చేది అదే. మోతను వేరేచోట వెతకాలి. సన్నగా, 100 సైకిళ్లలో పలికితే కరెంటు వడపోత చాలలేదు, కండెన్సరు పెంచండి. బొంగురుగా 50లో పలికితే ఫిలమెంటు వైర్లు చూడండి: వాటిని జడలా మెలిపెట్టి ఛాసిస్ మూలకు నొక్కి పెట్టాలి, 6 వోల్టుల రెండు కొసల నుంచి చెరో 100 ఓముల రెసిస్టరును గ్రౌండుకు వేయాలి. గ్రౌండులన్నీ ఒకే చోట కలవాలి. పోతుంది.

ట్రాన్స్‌ఫార్మరు పెట్టగానే అంతా క్షేమమని నేను చెప్పలేదని కూడా గుర్తుంచుకోండి. లోపలి 250 వోల్టులు అలాగే ఉన్నాయి. ఒక చెయ్యి ఛాసిస్ మీద, ఒక చెయ్యి ప్లేటు మీద పడితే ఈఎల్‌సీబీకి ఆ సంగతే తెలియదు. అందుకే కొలిచేటప్పుడు ఎడమచెయ్యి జేబులో ఉండాలి. స్విచ్చి ఆపాక కూడా కండెన్సరులో కరెంటు నిలిచే ఉంటుంది. దాని కొసల మధ్య 2 లక్షల 20 వేల ఓములు, 2 వాట్టుల రెసిస్టరును శాశ్వతంగా బిగిస్తే 47 మైక్రోఫారడ్లది ఒక నిమిషంలో ఖాళీ అవుతుంది. అయ్యిందని నమ్మకండి, మీటరు పెట్టి చూడండి.

గిటారు తగిలించే ముందు చివరగా ఒక్క పరీక్ష. ప్లగ్గు గోడలోంచి తీసేసి, స్విచ్చి మాత్రం వేసి ఉంచి, మల్టీమీటరును ఓముల మీద పెట్టండి. ఒక కొస గిటారు జాక్ బయటి తొడుగుకు, రెండో కొస ప్లగ్గులో ఎర్తు పిన్నుకు: సున్నా దరిదాపు చూపాలి. తరువాత ఫేజు పిన్నుకు, ఆ తరువాత న్యూట్రలు పిన్నుకు: రెండింటికీ ముల్లు కదలకూడదు. ఆ అతి సులభమైన పటం ప్రకారం కట్టినదానికి ఇదే పరీక్ష చేసి, మీటరు ఏం చూపించిందో నాకు వ్యాఖ్యలో రాయండి.